తమ్ముడు తలుపు తట్టాడా

కడప, 1957 వేసవి, ఆదివారం

చాలా అలసటగా ఉంది. ఒక ఐర్లండు రచయిత కొత్త నవలకు నేను చేసిన అనువాదంలో చివరి భాగాన్ని ఈ సాయంత్రం గ్రంథాలయంలో అందరికీ చదివి వినిపించాను. పొలం తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ముల కథ. బట్టల కొట్టు ఖాదర్ సాహెబు కళ్ళు తుడుచుకున్నాడు. కమలాపురం సుబ్బారెడ్డి మాత్రం విసుక్కున్నాడు.

"యాడ జూసినా వానే. వాన పడే ఊర్లో మనుషులకు ఏం కష్టమప్పా?" అని మధ్యలోనే లేచిపోయాడు.

అందరూ వెళ్ళాక బయటికి వస్తే వీధిలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఆ తమ్ముడు చివరికి అన్న వాకిలి తట్టినాడా?"

"రచయిత చెప్పలేదు, రెడ్డిగారూ."

"ఆయప్ప రాయకుంటే నువ్వన్నా రాయి."

రెడ్డిగారికీ సొంత తమ్ముడితో ఏళ్ళుగా మాటల్లేవు. ఇంటికొచ్చి అనువాదం చివరి పేజీ ముందు కూర్చున్నాను. 'తమ్ముడు తలుపు తట్టాడు' అనే ఒక్క వాక్యం చాలు. కానీ అది రాసే హక్కు నాకు ఉందా?