లెవెల్ మూడు

నవంబర్ 2, ఆదివారం

అనుకున్నంతా అయింది. అమ్మాయి స్కీ రిసార్టు బ్రోచర్ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. డిసెంబర్ సెలవుల్లో నాలుగు రోజులు. మా ఆవిడ బిగినర్ల క్లాసులో చేరుతుందట. స్కూలు క్యాంపుల్లో రెండేళ్ళు నేర్చుకుంది కాబట్టి అమ్మాయి, నేను లిఫ్టెక్కి పై వాలుకి వెళతామట. బ్రోచర్‌ని ముక్కుకి ఆనించుకుని మరీ చదివింది, అంత ఉత్సాహం.

నాకు స్కీయింగ్ రాదు. నేను మంచు చూసింది ఫ్రిజ్‌లోనే.

రెండేళ్ళ క్రితం, మా ఆవిడతో పెళ్ళికి ముందు, వాళ్ళింట్లో మొదటిసారి భోజనానికి కూర్చున్నాను. ఆవిడ కూతురు, అప్పటికి పదకొండేళ్ళ పిల్ల, నా వైపు చూడకుండా తింటోంది. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. గోడ మీది క్యాలెండర్లో మంచుకొండ కనబడింది. కాలేజీ రోజుల్లో నాలుగేళ్ళు స్కీయింగ్ చేశానని నోరు జారాను. పిల్ల తలెత్తి, నిజమా అంది. ఆ చూపు కోసం ఇంకో నాలుగు అబద్ధాలైనా ఆడేవాణ్ణి. ఆడాను కూడా.

అప్పట్లో అంకుల్ అనేది. పెళ్ళయ్యాక అది మానేసింది. దాని బదులు ఇంకేదీ రాలేదు. పనుంటే ఎదురుగా వచ్చి నిలబడి మీరు అంటుంది. దూరం నుంచి పిలవాల్సొస్తే వాళ్ళమ్మని పిలుస్తుంది.

నవంబర్ 8

బస్సు డ్రైవరు ఒకాయన లైసెన్సు రెన్యువల్ కోసం మా కళ్ళజోళ్ళ షాపుకి కళ్ళ పరీక్షకి వచ్చాడు. కింది వరస గడగడా చదివేశాడు. చూసి చదివేవాళ్ళు అలా చదవరు. కళ్ళు చికిలిస్తారు, ఒకచోట ఆగుతారు. చార్టు మార్చాను. మొదటి అక్షరమే తప్పు చదివాడు. ముందున్నవాడు చదువుతుంటే విని కంఠస్థం చేశాడట. కనబడకపోతే కనబడలేదని చెప్పడానికేం సిగ్గండీ, వెనకాల నలభైమంది కూర్చుంటారు కదా అని కాస్త గట్టిగానే అన్నాను.

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. అదే గొడవ.

నవంబర్ 15

షాపు వెనక గదిలో రెండు చెక్కపలకలు కాళ్ళకి కట్టుకుని, ఫోన్లో వీడియో చూస్తూ మోకాళ్ళు వంచాను. ఫ్రేముల స్టాండు కూలింది. ముందు గదిలోంచి అసిస్టెంటు ఏమైందని అరిస్తే తుమ్మానని చెప్పాను.

నవంబర్ 22

స్కీలు అద్దెకిచ్చే షాపు నుంచి ఫారం వచ్చింది. ఎత్తు, బరువు, వయసు, పాదం పొడవు, లెవెల్. ఒకటంటే కొత్త, మూడంటే ఆరితేరినవాడు. అమ్మాయి అందరి గళ్ళూ పెన్సిల్‌తో నింపేసింది. నాకు మూడు. తన పేజీలో, ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి అన్నచోట వాళ్ళమ్మ నంబరు కింద నాది కూడా రాసింది. వాళ్ళమ్మ నంబరు పక్కన అమ్మ అని ఉంది. నా నంబరు పక్కన సంబంధం గడి ఖాళీ.

లెవెల్ ఎందుకని షాపుకి ఫోన్ చేసి అడిగాను. బూటుని స్కీకి పట్టి ఉంచే క్లిప్పుని దాన్నిబట్టే బిగిస్తారట. కొత్తవాళ్ళకి వదులుగా పెడతారు, పడగానే ఊడొస్తుంది. కొత్తవాడు మూడని రాస్తే క్లిప్పు ఊడదు సార్, మోకాలు ఊడుతుంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నా మోకాలు పోతే పోయింది. అమ్మాయి తన కోచ్ క్లాసు రద్దు చేయించిందని ఇవాళే తెలిసింది. మీరున్నారు కదా అంది. ఆ పిల్ల నన్ను నమ్ముకుని కొండ దిగబోతోంది. నిజంగా భయం వేసింది.

నవంబర్ 23

చెప్పలేదు.

నవంబర్ 24

పొద్దున టిఫిన్ దగ్గర నోరు తెరిచాను. ఉప్పు అందించమన్నాను.

నవంబర్ 28

ముందు మా ఆవిడకి చెప్పాను. బట్టలు మడతపెడుతూ, తెలుసంది. వాన పడితే షాపు మెట్లు దిగడానికి నా భుజం పట్టుకునే మనిషి మంచు మీద నాలుగేళ్ళు జారాడంటే నమ్ముతానా అంది. మరి ఇన్నాళ్ళూ అడగలేదేం అన్నాను. మీరిద్దరూ మాట్లాడుకునేది ఆ ఒక్క విషయమే కదా, చెడగొట్టడమెందుకని ఊరుకున్నానంది. దానికి మాత్రం మీరే చెప్పుకోండి, నేను మధ్యలోకి రాను అని మడతపెట్టిన చొక్కా నా చేతిలో పెట్టింది.

నవంబర్ 30, ఆదివారం

చెప్పాను. కూర్చుంటే మళ్ళీ ఉప్పు అడుగుతానని నిలబడే చెప్పాను. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా చెయ్యలేదా అంది. లేదన్నాను. తన గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. విసిరికొట్టినా బాగుండేది.

డిసెంబర్ 4

ఫారం బల్ల మీదే ఉంది. నా పేజీలో మూడు చెరిపేసి ఉంది. దాని బదులు ఏమీ రాయలేదు. ఇప్పుడు మీరు అనడం కూడా లేదు.

డిసెంబర్ 9, సాయంత్రం

అమ్మాయి బడి నుంచి నేరుగా షాపుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. పలకరించకుండా పరీక్ష కుర్చీలో కూర్చుంది. అడక్కుండానే కింది వరస చదివింది. గడగడా.

చార్టు మార్చాను. మూడో వరస దగ్గర ఆగిపోయింది. కళ్ళు చికిలించింది. తరవాత, తెలీదు అంది.

ఆగస్టు నుంచి క్లాసులో బోర్డు కనబడటం లేదట. స్కూల్లో కళ్ళ పరీక్ష పెడితే ముందున్న అమ్మాయి చదివింది విని ఒప్పజెప్పేసిందట. మా షాపు చార్టేమో మొన్న తలుపు పక్కన నిలబడి, లోపల ఎవరో చదువుతుంటే విని బట్టీ పట్టిందట. ఇవాళ నిజం చెప్పేద్దామనే వచ్చిందట, నోరు తెరిస్తే బట్టీ పట్టిందే వచ్చిందట. అద్దాలొస్తే పై వాలుకి పంపరని భయం. ఎలాగూ మీరు ముందుంటారు, మీ కోటు రంగు కనబడితే చాలు, వెనకాలే వచ్చేద్దామనుకున్నాను అంది.

దీపం కింద చీకటంటే ఇదే. ఊళ్ళో అందరి కళ్ళూ చూస్తాను, ఇంట్లో పిల్ల కళ్ళు చూడలేదు. బ్రోచర్ ముక్కుకి ఆనించుకుంటే ఉత్సాహమనుకున్నాను.

మైనస్ ఒకటిన్నర. స్కీ గాగుల్స్ లోపల అమిరేలా లెన్సు నేనే చేసిస్తానన్నాను. తిట్టరా అంది. ఏ మొహం పెట్టుకుని తిట్టమంటావన్నాను. నవ్వింది, తొమ్మిది రోజుల తరవాత. అమ్మకి మీరు చెప్పరూ అంది. నువ్వే చెప్పుకో, నేను మధ్యలోకి రాను అన్నాను.

డిసెంబర్ 13

కోచ్ క్లాసు మళ్ళీ బుక్ చేశాం. నేను మా ఆవిడతో పాటు బిగినర్ల క్లాసులో. అమ్మాయి ఫారమంతా ఈసారి పెన్నుతో పూర్తిచేసి, ఫోటో తీసి పంపేసింది. నా లెవెల్ గడిలో ఒకటి. అంత పెద్ద ఒకటి నేనెక్కడా చూడలేదు.

డిసెంబర్ 17

స్కీల షాపువాడు ఫోన్ చేశాడు. అమ్మాయి పేజీలో, నా నంబరు పక్కన, సంబంధం గడిలో మా మనిషి అని రాసుందట. అలాంటిది వాళ్ళ లిస్టులో లేదట. తండ్రో గార్డియనో ఏదో ఒకటి చెబితే దిద్దుకుంటానన్నాడు.

దిద్దవద్దన్నాను.