ఓట్టో గారి తుపాకికి ఐదు తూటాలు

ష్వైన్‌ఫర్ట్,
సెప్టెంబరు 6

ప్రియమైన దయావతికి,

నీకూ మన అమ్మాయి ఫెలిషాకీ వందనాలు, ముద్దులు. టార్గెట్ కాగితాలు ఎలాగూ పోస్టులో పంపాలి కదా అని ఉత్తరం కూడా అదే కవర్లో పెడుతున్నాను. ఫోన్‌లో నేను తూటాల మాటెత్తగానే నీకు స్టవ్ మీద ఏదో ఒకటి మాడిపోతుంది మరి.

సంగతి ఇదీ. నాకు వేట నేర్పిన ఓట్టో గారు పోయాక ఆయన తుపాకి భార్య హిల్డా గారి దగ్గరే ఉండిపోయింది. వాళ్ల అడవిలో ఇప్పుడు సీసం గుళ్లు వాడకూడదు, రాగివే వాడాలి. దుకాణంలో కొన్న రాగి తూటాలు ఈ ముసలి తుపాకికి పడటం లేదు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోతోంది. అందుకే నేనే తుపాకిమందు తూచి చేత్తో నింపుతున్నాను. హిల్డా గారు తుపాకి నాకు అరువిచ్చి ఒక షరతు పెట్టారు. ఇరవయ్యో తేదీన వంద మీటర్ల నుంచి ఐదు గుళ్లు ఆవిడ అరచేయంత చోటులో పడితే తుపాకి నాది, అక్టోబరు వేటకి పిలుపూ నాదే. పడకపోతే ఆయుధాల ఆఫీసులో అప్పజెప్పేస్తారట. అక్కడ దాన్ని రంపంతో కోసేస్తారు.

నాలుగు రకాల మందు మోతాదులతో, రకానికి ఐదు చొప్పున ఇరవై తూటాలు చేశాను. షూటింగ్ రేంజిలో ముందుగా బుక్ చేసుకున్నా అరగంట టెర్మినే దొరికింది. టకటకా కాల్చేశాను. మొదటి రకం పరవాలేదు, నాలుగోది ఘోరం. అయినా నా ఉత్సాహం ఇంతా అంతా కాదు. ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టి మందు తూచి పోస్తుంటే ఆకలి కూడా తెలియడం లేదు. ప్రతి రంధ్రం పక్కనా పెన్సిల్‌తో వరస నంబరు వేశాను. బ్రేకులు పరీక్షించే నీ కళ్లతో ఒకసారి చూడు.

నీ
సాముయేలు

స్టుట్‌గార్ట్,
సెప్టెంబరు 10

ప్రియమైన మా వేటగాడికి,

నాలుగు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి అంటించాను. ఫెలిషా రంధ్రాలు లెక్కపెట్టి పద్దెనిమిదే అంది. మిగతా రెండూ ఎటు పోయాయో మీకే తెలియాలి.

తప్పు మందులో లేదండీ. మీరు వేసిన నంబర్లే చెబుతున్నాయి. ప్రతి కాగితంలోనూ ఒకటో నంబరు మిగతావాటికంటే మధ్యకి దగ్గరగా ఉంది. ఆ తర్వాతవన్నీ మెట్లెక్కినట్టు పైకి, కుడికి పోయాయి. నాలుగో రకం వంతు వచ్చేసరికి తుపాకి గొట్టం కాలిపోతూ ఉండి ఉంటుంది. అది పలచటి పాత గొట్టం. అరగంట టెర్మిన్ వృథా కాకూడదని ఇరవై కాల్చే మనిషి మా ఆయనే అయ్యుండాలి. బఫేలో కూడా మీరింతే. మా ల్యాబులో బ్రేకు చల్లారకముందే మళ్లీ పరీక్షిస్తే ఆ లెక్క చెత్తబుట్టలో పడేస్తారు. ఈసారి రెండు మూడు టెర్మిన్లు కలిపి తీసుకోండి. ఒకటి కాల్చి, గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు రెండోది కాల్చండి. వేటలో ఎలాగూ మొదటి గుండే లెక్క.

శనివారం ఫోన్ చేయకండి, చర్చిలో క్వైరు ప్రాక్టీసు ఉంది.

మీ
దయావతి

ష్వైన్‌ఫర్ట్,
సెప్టెంబరు 21

ప్రియమైన, అతి ప్రియమైన దయకి,

తుపాకి మనది!

నువ్వు చెప్పినట్టే ఆగి ఆగి కాలిస్తే, నాలుగింటిలో మూడో రకం మోతాదు బంగారంలా తేలింది. దానితోనే నిన్న హిల్డా గారి ముందు కూర్చున్నాను. ఒకటి కాల్చి తుపాకి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాను. ఆవిడ గడియారం చూశారు. రెండోది కాల్చి మళ్లీ ఆగాను. ఐదు గుళ్లకి గంటంపావు పట్టింది. కాగితం తెచ్చి చూపిస్తే ఆవిడ అరచెయ్యి పెట్టారు. ఐదూ దాని కింద దాగిపోయాయి. ఆవిడ చెయ్యి తియ్యలేదు. అలాగే ఉంచి, "ఓట్టో కూడా గుండుకీ గుండుకీ మధ్య ఒక రొట్టె తినేవాడు. నేనెలా మరిచిపోయాను" అన్నారు. ఇద్దరికీ కళ్లనీళ్లు ఆగలేదు.

అంతా బాగుంది కానీ, వేటలో మొదటి గుండే లెక్క అని నీకెవరు చెప్పారు? మీ క్వైరులో ఆడవాళ్లా?

సంతోషం పట్టలేని నీ
సాముయేలు

స్టుట్‌గార్ట్,
సెప్టెంబరు 26

ప్రియమైన మీకు,

క్వైరు అబద్ధం. దేవుడు, మీరు, ఆ వరసలో క్షమించాలి.

సెల్లార్లో మందు డబ్బా పెట్టానని మార్చిలో మీరు చెప్పిన రోజు నాకు నిద్ర లేదు. సెలవులకి ఫెలిషా వచ్చి తిరిగే ఇల్లది. ఆపమని పోట్లాడదామనుకున్నాను. తెలియకుండా పోట్లాడితే మీరు నవ్వి ఊరుకుంటారు. అందుకే ఇక్కడ వేట కోర్సులో చేరాను. ఇందులో ఉన్న ప్రమాదాలన్నీ నేర్చుకుని, ఒక్కొక్కటే మీ ముందు పెట్టి మానిపించాలని. ప్రతి శనివారం అక్కడే ఉన్నాను. మానేయమని ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను.

ఆగస్టులో మొదటిసారి నా చేతికి రైఫిలిచ్చారు. కాల్చాను, మధ్యలో తగిలింది. ఆ క్షణంలో మీరెందుకు అన్నం కూడా మరిచిపోతారో నాకు తెలిసింది. నెలల తరబడి ఒక్కదాన్నే భయపడ్డాను కానీ, అంత సంతోషం కూడా ఒక్కదాన్నే పడ్డాననే నాకు ఎక్కువ బాధేసింది. ఆ ఉత్తరం చించేశాను.

నిన్న పరీక్ష పాసయ్యాను. నా టార్గెట్ కాగితం ఇందులో ఉంది, మీ నంబర్లతో పోల్చుకుని కుళ్లుకోండి. మందు డబ్బాకి మాత్రం ఇంకో తాళం వేయించండి, దానిలో మార్పు లేదు.

అక్టోబరు వేటకి ఇంకొకరికి చోటుందేమో హిల్డా గారిని అడగండి. లైసెన్సు కార్డు అప్పటికి చేతికొస్తుందన్నారు. వస్తే మాత్రం, మొదట నేనే కాలుస్తాను. గొట్టం చల్లగా ఉన్నప్పుడు.

మీ
దయావతి