రెండు బస్తాల గుండిగ

మార్చి 14, గురువారం

గుండిగ కారుతోంది. గుడ్ ఫ్రైడే నెల రోజుల్లో ఉంది కదా అని ఒకసారి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి చూశాను. చుక్కా చుక్కా మంటలో పడి చుయ్యిమంటోంది. తిరగేస్తే అల్యూమినియం అడుగంతా గుంటలు. ఉప్పునీళ్లు అలాగే వదిలేస్తే అంతే మరి. నిరుడు గుడ్ ఫ్రైడేకి క్రాఫిష్ రొయ్యలు ఉడకబెట్టి, ఈస్టర్ వెళ్లినా కడగనిది ఎవరో నేను చెప్పనక్కర్లేదు. మా ఆయన ఓవీ మాత్రం తప్పంతా గుండిగదే అన్నాడు. వెల్డింగ్ పెడతాడట. కింది గ్యాస్ బర్నరు కాలు కూడా తుప్పుపట్టి ఊగుతోంది. దానికీ వెల్డింగేనట. ఈ మనిషిని వదిలేస్తే నాకు కూడా ఎక్కడో ఓ చోట వెల్డింగ్ పెట్టేస్తాడు.

కొత్తవి కొంటాను. నేనే వెళ్లి కొంటాను.

మార్చి 16, శనివారం. మధ్యాహ్నం

క్రౌలీ టౌనుకి వెళ్లొచ్చాను. కొట్టు యజమాని దూగా గారిని స్టీలా, అల్యూమినియమా అని అడిగితే, స్టీలు మోయడానికి ఓవీ నడుము చాలదన్నాడు. పైగా నీళ్లు కాగడం ఆలస్యమట. అల్యూమినియమే తీసుకున్నాను. ఒక బస్తా పట్టేది, పాతదానంతే.

బర్నర్లు రెండు రకాలు. ఒకటి మన పాతదాని లాంటిదే, వెలిగిస్తే విమానం లేచినంత మోత. రెండోది వెడల్పుగా, చిన్న చిన్న చిల్లులతో ఉంది. నీలం మంట, చప్పుడే లేదు. నా చెవులు దాని మీదే వాలాయి. ఆ పాత బర్నరు పుణ్యమాని ఓవీకి సగం చెవుడు వచ్చింది. ఉప్పందించమన్నా అరవాలి. చప్పుడు లేనిదే కొన్నాను.

దారి పొడుగునా నన్ను నేను మెచ్చుకుంటూ వచ్చాను.

మార్చి 17, ఆదివారం

చర్చి పూజ నుంచి రాగానే ఓవీ వెలిగించి చూశాడు. వంగి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. ఆపేసి షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఇది పొయ్యి కాదట, చర్చిలో కొవ్వొత్తట.

మార్చి 19

నీళ్లు కాగడం లేదన్నాడు. కాగాయి. మంట గాలికి ఆరుతుందన్నాడు. ఆరలేదు. కాళ్లు పొట్టిగా ఉన్నాయన్నాడు. నీకంటేనా అన్నాను. మళ్లీ షెడ్డులోకి పోయాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈయన ఒక పొయ్యి మీద అలగడం ఇదే మొదలు.

మార్చి 24, ఆదివారం

మా తోడికోడలు నెల్డా ఫోను చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతి బయటపెట్టింది. ఈ ఏడు గుడ్ ఫ్రైడేకి వాళ్లాయన, మా మరిది ఆల్సీడ్ రాడట. మడి దగ్గర పంపు చెడిందట, చుట్టూ తవ్వి బాగుచేయాలట.

గుడ్ ఫ్రైడే నాడు తవ్వడమా! ఆ రోజు నేలలో గునపం దింపితే నెత్తురు వస్తుందని మా అత్తగారు పెరట్లో ఉల్లిపాయ కూడా పీకనిచ్చేది కాదు. ఆమె కొడుకు గొయ్యి తవ్వుతాడట.

నెల్డాను గట్టిగా అడిగాను. చివరికి చెప్పింది. గ్యాస్ కొట్టు దగ్గర ఎవరో, మీ అన్నగారింట్లో చప్పుడు లేని పొయ్యి కొన్నారటగా, ఇక మీ అన్నదమ్ముల మాటలన్నీ వినొచ్చు అని ఆల్సీడ్‌ని ఆటపట్టించారట. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే పంపు చెడిందన్నాడట.

ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. నాకన్నా మొద్దు ఈ జిల్లా‌లో ఉంటుందా?

అదే రోజు, సాయంత్రం

రాసుకుంటేనే గానీ మనసు ఆగేలా లేదు.

ఆరేళ్ల క్రితం తుఫాను వస్తోందంటే ఆల్సీడ్ వచ్చి మా ఇంట్లో ఉన్న మమాను, మా అత్తగారిని, తనింటికి తీసుకెళ్లాడు. వాళ్లది మెరక. ఓవీ వద్దన్నాడు, ముసలామెను కదపకు అన్నాడు. తుఫాను పక్కకి తప్పుకుపోయింది. మమా మాత్రం ఆ ఇంట్లోనే నిద్రలో వెళ్లిపోయింది. సమాధి దగ్గర ఓవీ, నా దగ్గరుంటే బతికేది అన్నాడు. ఆల్సీడ్ నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం మూసుకోవడమే. మా ఆయనా అంతే. ఆరేళ్లుగా అన్నదమ్ముల మధ్య ఒక్క మాట లేదు.

కానీ ప్రతి గుడ్ ఫ్రైడేకి ఆల్సీడ్ తన మడిలో పట్టిన క్రాఫిష్ బస్తా భుజాన వేసుకుని వస్తాడు. ఇద్దరూ ఆ మోత పొయ్యి దగ్గర చెరోవైపు నిలబడతారు. ఓవీ బొటనవేలు ఎత్తితే ఆల్సీడ్ మంట పెంచుతాడు. ఆల్సీడ్ పిడికిలి విదిలిస్తే ఓవీ ఉప్పు వేస్తాడు. చూసేవాళ్లు, ఆ మోతలో మాటలెలా వినపడతాయిలే, సైగలు చాలు అనుకుంటారు. మంట ఆపి కారం పట్టడానికి నానబెట్టే వేళకి ఒకడు గేటు దాకా, ఒకడు కుళాయి దాకా వెళ్లిపోతాడు. గుండిగలోంచి చిల్లుల బుట్ట ఎత్తడానికి ఓవీ ఒక్కడే చాలు.

ఏడాదికి ఒక్కసారి అన్నదమ్ములు పక్కపక్కన నిలబడటానికి దేవుడు ఆ మోతనిచ్చాడు. నేను పోయి దాన్ని మార్చి వచ్చాను. ఆల్సీడ్ ఈ ఏడు రాకపోతే ఇక ఎప్పటికీ రాడు. నాకు తెలుసు.

మార్చి 26

మోత పొయ్యే తేవాలి. కానీ మోత ఒక్కటే తెస్తే మళ్లీ ఆరేళ్లు ఇలాగే గడుస్తాయి. ఇద్దరికీ అరవై దాటింది.

మార్చి 30, శనివారం

రెండూ మార్చుకొచ్చాను. దూగా గారు ఒకటే నవ్వు, చెవుల్లో దూది కూడా కట్టి ఇవ్వనా అని. మోత బర్నరు తీసుకున్నాను. గుండిగ మాత్రం ఒక బస్తాది ఇచ్చేసి రెండు బస్తాలది అడిగాను. నవ్వు ఆపాడు. అంత గుండిగైతే నిండు బుట్టని ఒక్కడు ఎత్తలేడమ్మా, ఇద్దరు కావాలి అన్నాడు.

ఇద్దరున్నారు అన్నాను.

మార్చి 31

ఓవీ వెలిగించాడు. కుక్క వెళ్లి వరండా కింద దూరింది. కిటికీ అద్దాలు అదిరాయి. నా మొగుడి మొహం చూడాలి! నా నెత్తి మీద ముద్దు కూడా పెట్టాడు. నేను నెల్డాకి ఫోను చేసి, ఏమీ చెప్పకుండా ఫోనుని బర్నరు దగ్గర పెట్టాను.

సాయంత్రం నెల్డా ఫోను చేసింది. పంపు మరీ అంత చెడలేదట.

ఏప్రిల్ 6

ఇంత గుండిగ ఎందుకే అన్నాడు. జనం ఎక్కువమంది వస్తారన్నాను. ఎవరన్నాడు. జనం అన్నాను.

ఏప్రిల్ 11, గురువారం

నా మొగుడికి బుర్ర ఎక్కువ. బుట్టని ఒక్కడే ఎత్తడానికి ఓక్ చెట్టు కొమ్మకి కప్పీ కట్టాడు. తాడు లాగితే చాలు, బుట్ట దానంతటదే లేస్తుందట. ఇటుకలు నింపి మరీ చూపించాడు. లేచింది. బాగుందన్నాను. లోపలికొచ్చి అంట్ల మీద కసి తీర్చుకున్నాను.

ఏప్రిల్ 18

తాడు కనపడటం లేదట. నన్నడిగితే నాకేం తెలుసు.

ఏప్రిల్ 19, గుడ్ ఫ్రైడే

చేతులు ఇంకా మండుతున్నాయి, అయినా రాస్తాను.

ఆల్సీడ్ ట్రక్కులో రెండు బస్తాలతో వచ్చాడు. గుండిగ చూసి, నన్ను చూసి, ఏమిటి వదినా ఇది, ఊరంతటికీ స్నానమా అన్నాడు. అన్నవైపు తల ఊపాడు. అన్న కూడా ఊపాడు. బర్నరు వెలిగింది. బొటనవేళ్లు లేచాయి, పిడికిళ్లు ఊగాయి. దుంపలు, మొక్కజొన్న, ఆ తర్వాత క్రాఫిష్. అంతా ఎప్పటిలాగే.

మంట ఆపారు. ఒక్కసారిగా పెరడంతా నిశ్శబ్దం. ఓవీ కుళాయి వైపు, ఆల్సీడ్ గేటు వైపు. నేను బల్లల మీద పేపర్లు పరుస్తూ కనిపెట్టుకునే ఉన్నాను. బుట్టకి చెయ్యేస్తాడని మా అల్లుడిని అప్పటికే ఐసు కోసం ఊళ్లోకి తరిమాను.

ఇక తీయాలి, లేకపోతే మెత్తబడిపోతాయి అని కేకేశాను. ఓవీ వచ్చి బుట్ట పట్టి లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. అల్లుడు ఏడన్నాడు. కొమ్మకేసి చూశాడు, తాడు లేదు. నాకేసి చూశాడు. నేను పేపర్లు సర్దుకుంటున్నాను. భోజనానికొచ్చిన మగాళ్లు ఇద్దరు ముగ్గురు లేవబోయారు గానీ నెల్డా వాళ్లని కళ్లతోనే కూర్చోబెట్టింది. నా తోడికోడలు బంగారం.

గేటు దగ్గర్నుంచి ఆల్సీడ్ వచ్చాడు. మెల్లగా వచ్చాడు. రెండో పిడి పట్టుకున్నాడు.

"పట్టావా?" అన్నాడు ఓవీ.

"పట్టాను."

ఎత్తలేదు. ఇద్దరూ ఆవిరిలో అలాగే వంగి నిలబడ్డారు. నేను పళ్లెంతో పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది.

"ఒరే, మమా చివర్లో బాధపడిందా?"

"లేదన్నా. కాఫీ అడిగింది. ఓవీ అయితే ఇంకో చెంచా చక్కెర వేసేవాడు అంది. వేశాను. తాగి పడుకుంది."

ఓవీ భుజానికి కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఆవిరికి కళ్లు ఎవరికైనా మండుతాయి. తర్వాత, ఊఁ, ఎత్తు అన్నాడు. ఎత్తారు.

క్రాఫిష్ నాని నాని మెత్తబడిపోయాయి, పెంకు ఊడి రాదు. పైగా ఒకటే కారం. ముక్కులు తుడుచుకుంటూ అందరూ తిన్నారు. నేనూ తిన్నాను, ఏడుస్తూ తిన్నాను, కారం మీద పెట్టేశాను.

ఏప్రిల్ 20, పొద్దున

ఆల్సీడ్ తెల్లారకముందే వచ్చాడు, గుండిగ కడగడానికట. ఓవీ రాత్రంతా ఉప్పునీళ్లు అలాగే వదిలేశాడని తిడుతున్నాడు. పీచుతో తోమాలని ఒకడు, ఇసుకతో తోమాలని ఒకడు. నువ్వు నోర్ముయ్ అంటే నువ్వు నోర్ముయ్. బర్నరు వెలిగించనే లేదు, అయినా పెరడంతా ఒకటే మోత.