ఖాళీ గొయ్యి అని రాసిన చోట ఉన్న మనిషి

భూముల శాఖ అధికారి గారి సముఖమునకు, క్రైస్తవ వేదాంత పాఠశాల పాత ఆవరణలో కాపురముంటున్న తోటమాలి భార్య వ్రాసుకొను అర్జీ.

విషయం: పాఠశాల తూర్పు గోడ పక్కనున్న సమాధిని ఖాళీ గొయ్యిగా భావించి చదును చేయుటకు ఇచ్చిన ఉత్తర్వును నిలుపుట గురించి.

అయ్యా,

1. తమ శాఖ వారు గేటుకు అంటించిన నోటీసు చదివాను. పాఠశాల పట్నంలోని పెద్ద కాలేజీలో కలిసిపోయినందున ఈ ఆవరణలో గిడ్డంగులు కడతారని, తూర్పు గోడ పక్కనున్న "అభ్యాసపు గొయ్యి, ఖాళీ"ని చదును చేస్తారని అందులో ఉన్నది. గిడ్డంగుల మీద నాకు అభ్యంతరం లేదు. కాని ఆ గొయ్యి ఖాళీ కాదు. అందులో నా భర్త ఉన్నారు.

2. అభ్యాసపు గొయ్యి అంటే ఏమిటో తమకు తెలియకపోవచ్చును గనుక వివరిస్తున్నాను. సముద్రం దాటి వచ్చిన భార్యాభర్తలిద్దరు ఈ పాఠశాలను ఒక రేకుల పాకలో మొదలుపెట్టారట. తరువాత రాతి మందిరం, గ్రంథాలయం, హాస్టలు లేచాయి. పాస్టర్లు కాబోయే పిల్లలు ఇక్కడ గ్రీకు, హీబ్రూ చదివేవారు. ఖాళీ బెంచీల ముందు ప్రసంగం, గుడ్డబొమ్మతో బాప్తిస్మం నేర్చుకునేవారు. భూస్థాపన నేర్చుకోవడానికి ఒక శవపెట్టె, ఒక గొయ్యి ఉండేవి. ఉత్త పెట్టె అయితే పిల్లలు ఇకిలిస్తూ పరుగెత్తుతున్నారని, ఆ పాఠం చెప్పే ఆచార్యులవారు మా ఆయనను అందులో పడుకోమన్నారు. ఆ గొయ్యి తవ్వేదీ ఆయనే, అందులోకి దిగేదీ ఆయనే.

"ఈసారి బ్యాచి మరీ పీలగా ఉందే. ఒక మూల దించి ఇంకో మూల మర్చిపోయారు. నడుం పట్టేసింది" అని ఇంటికొచ్చి కాపడం పెట్టమనేవారు.

"ఎందుకండీ ఒప్పుకుంటారు? నాకు భయంగా ఉంటుంది" అంటే, "పిచ్చిదానా, ఇంతమంది పాస్టర్లు పాతిపెట్టినా చావనివాణ్ణి. ఇంక నాకేమవుతుంది?" అనేవారు.

ప్రార్థన ముగిసి మూత మీద పిడికెడు మట్టి పడగానే ఆచార్యులవారు రెండు చేతులూ చరిచి, "చాలు. లేవయ్యా, టీ తాగుదాం" అనేవారు. మా ఆయన మూత తోసుకుని, జుట్టులో మట్టి దులుపుకుంటూ లేచేవారు. ఒక్కనాడూ రెండోసారి పిలిపించుకోలేదు.

3. పోయిన వానాకాలంలో ఆయన పూలమడి దగ్గర కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. సంఘపు సమాధుల తోటకు వెళ్ళే దారి నీట మునిగింది. అందరూ వెళ్ళిపోయాక ఇక్కడ మిగిలినది, చూపు మందగించిన ఆ ఆచార్యులవారు ఒక్కరే. గ్రంథాలయం మేడ మీద ఉంటున్నారు. "గొయ్యి ఉందిగా అమ్మా, ఇక్కడే కానిద్దాం" అన్నారు. తమ అనుమతి తీసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఆచార్యులవారు పుస్తకం చూడకుండా, ఒక్క మాట తడబడకుండా చదివారు. మూత మీద మట్టి పడింది. అప్పుడాయన రెండు చేతులూ చరిచి, "చాలు. లేవయ్యా, టీ తాగుదాం" అన్నారు.

అలవాటు, అయ్యా. మాట బయటికొచ్చాక గాని ఆయనకు తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. కబురు విని ఊళ్ళోంచి వచ్చిన పాత హాస్టల్ వంటావిడ "అయ్యో తండ్రీ" అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆచార్యులవారు చరిచిన చేతులు అలాగే వానలో పట్టుకుని నిలబడిపోయారు.

4. నేను దెయ్యాలను నమ్మే ఇంటిదాన్ని కాను. అయినా జరుగుతున్నది జరుగుతున్నట్టు మనవి చేయాలి. ఆనాటి నుంచి పొద్దు వాలే వేళకు కుండీలలో తడి ఉంటోంది. నీళ్ళు పోసేవారు ఎవరూ లేరు. పెరటి మెట్టు మీద కాళ్ళ మట్టి రాల్చుకునే చప్పుడు వినిపిస్తుంది. తలుపు తీస్తే మనిషి ఉండరు, మట్టి ఉంటుంది.

నేను అన్నం తీసుకెళ్ళినప్పుడల్లా ఆచార్యులవారు నా ముఖం వైపు చెవి పెట్టి, "అమ్మా, లేచాడా?" అని అడుగుతారు.

"లేదండీ, హాయిగా నిద్రపోతున్నారు" అంటాను. అబద్ధమాడడం నాకు అలవాటు లేని పని.

5. ఆచార్యులవారి నోట జారిన ఆ "లేవయ్యా" అన్న మాటను సరిదిద్ది మా ఆయనను మళ్ళీ ప్రభువుకు అప్పగించాలని, ఇక్కడ చదివిన పాస్టరుగారొకరిని బతిమాలాను. విద్యార్థిగా ఉన్నప్పుడు ఉత్తుత్తి భూస్థాపనకే వెక్కి వెక్కి ఏడ్చినందుకు మా ఆయన ఆయనకు కుళాయి అని పేరు పెట్టారు. ఆ పాస్టరుగారు ఒకసారి వచ్చి గొయ్యి దగ్గర నిలబడ్డారు. కాసేపటికి, "పిన్నీ, ఇవాళ నా వల్ల కాదు. బాబాయి వింటున్నట్టే ఉంది" అన్నారు. వచ్చే నెల సంఘపెద్దను వెంటబెట్టుకుని వస్తానని మాట ఇచ్చారు.

6. ఈలోగా తమ కార్యాలయానికి వెళ్ళాను. గుమాస్తాగారు ఫైలు చూసి, "రికార్డులో ఖాళీ అని ఉందమ్మా" అన్నారు.

"ఖాళీ కాదు బాబూ, మా ఆయన ఉన్నారు."

"అయితే ఆయన్నే వచ్చి అభ్యంతరం రాసివ్వమనండి" అని పక్క బల్ల వాళ్ళతో కలిసి నవ్వారు.

గుమాస్తాగారి మీద ఫిర్యాదు చేయడం లేదు. రోజుకు వందమందితో మాట్లాడే మనిషి; అర్జీ పెడితే అది తేలేదాకా ఆ చోట యంత్రం దిగదని, ఏ కార్యమూ చేయరాదని చెప్పినదీ ఆయనే. కాని వాళ్ళు నవ్వుతుంటే నేను, మా ఆయన నిజంగానే వస్తారేమోనని గుమ్మం వైపు చూశాను.

కావున తమరు దయతో "ఖాళీ" అన్న మాట కొట్టివేయించి, పాస్టరుగారు వచ్చి పని ముగించే వరకు ఆ చోట యంత్రం దించకుండా ఒక నెల గడువు ఇప్పించ ప్రార్థన. ఈ దీనురాలి మనవి తమరు చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
తోటమాలి భార్య

మరొక మనవి: కవరు అంటించబోయి మళ్ళీ తీసి రాస్తున్నాను. పాస్టరుగారు వచ్చి ఆ మాట సరిగా ముగిస్తే మా ఆయన ఇక రారు. అదే న్యాయమని తెలుసు, రోజూ మోకాళ్ళ మీద అదే అడుగుతున్నాను. లేచి పెరటి తలుపు గడియ తీసి ఉంచుతున్నాను. తమ కార్యాలయంలో కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు చేరడానికి ఏళ్ళు పడుతుందని జనం విసుక్కుంటారు. అయ్యా, నా కాగితాన్ని కూడా అందరి కాగితాల్లాగే చూడండి.