ఇంజన్ ఆపినా వరుస పోదు

పూజ్యురాలైన రాధక్కయ్యకు,

నీ చెల్లెలు విమల నమస్కరించి రాయునది. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారు వేళకు మందులు వేసుకుంటున్నారా? నేను క్షేమం. నువ్వు నమ్మవని తెలుసు. మొన్న ఫోనులో నా దగ్గు విని, "ఒక్కదానివి ఆర్మూర్‌లో ఎందుకు? మంచిర్యాలకు వచ్చెయ్" అని కోప్పడ్డావు. దగ్గు అడ్డం రాకుండా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం.

రిటైరయ్యాక నా ఇష్టప్రకారం బతకాలని కిరాయికి తీసుకున్న ఈ రెండు గదులు పసుపు యార్డు వెనుక వీధిలో ఉన్నాయి. సీజన్ కావడంతో లారీలు నా గుమ్మం ముందే వరుస కడుతున్నాయి. మూటలు ఎక్కించేదాకా ఇంజన్లు ఆపరు. నేను దగ్గుకు పసుపు దుమ్మును తప్పుపట్టాను. ఇరుగుపొరుగు ఆ పసుపునే పాలలో కలుపుకొని తాగమన్నారు. తాగాను కూడా, పొగకు ఎదురుగా కిటికీ తెరుచుకొని!

దవాఖానలో డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించి చూసింది. డీజిల్ మసి ముక్కులో ఆగేంత ముతకది కాదట. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి వాపు తెస్తుందట. ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సర్ ముప్పు కూడా ఉందట. "మేడం, ఇల్లన్న మారుండ్రి, లేకుంటె పొగనన్న ఆపుండ్రి" అన్నది. నేను రెండోది ఎంచుకున్నాను.

మర్నాడు ముందున్న లారీ డ్రైవరును ఇంజన్ ఆపమన్నాను.

"ఆపితె నా నంబర్ పోతదమ్మా. సప్పుడు లేకుంటె డ్రైవర్ తినవోయిండనుకొని హమాలీలు ఎన్క బండికి పోతరు."

ఇదీ ఇక్కడి పద్ధతి! హమాలీల మేస్త్రీ లింగన్న దగ్గరికే వెళ్లి, కళ్లతో చూసుకోవచ్చు గదా అని అడిగాను.

"గన్ని బండ్లల్ల తొంగి సూస్తె మా పనెప్పుడైతది టీచరమ్మా? జర తలుపు బంద్ చేసుకోరాదు?"

"నేను చేసుకుంటాను. పొద్దంతా పొగగొట్టం పక్కన మూటలెత్తే నీకు తలుపెక్కడుంది లింగన్నా?"

నవ్వబోయి దగ్గాడు. వెనకనుంచి ఒక హమాలీ, "దొరికినవ్ పో మేస్త్రీ!" అన్నాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. డ్రైవరు ఇంజన్ ఆపి బండిలోనే ఉంటే పక్క అద్దానికి ఖాళీ గోనెసంచి వేలాడదీయాలి. హమాలీలు అది చూసి వస్తారు. చాలామంది వింటున్నారు. విననివాళ్ల కోసం నేను గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. నిన్న ఒకడు, "రోడ్డు నీదా ముసలమ్మా?" అన్నాడు. "రోడ్డు నీదే తీసుకో, ఊపిరి నాది" అన్నాను. గొణుక్కుంటూనే ఆపాడు.

పాడైనదంతా బాగుపడదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. రోజూ మందు పీలుస్తున్నాను, బెంగపడకు. ఆయాసం ఇంకా పెరిగితే ఇల్లు మారుస్తాను. అదీ ఈ ఊళ్లోనే, నేను చూసుకున్న ఇల్లే. నన్ను తీసుకురమ్మని మీ అబ్బాయిని కారుతో పంపవద్దు. పంపితే ఉసిరికాయ పచ్చడి ఇచ్చి పంపు, భోజనం పెట్టి సాగనంపుతాను.

బావగారికి నా నమస్కారాలు. నూరేళ్లు బతకమని దీవించకు అక్కయ్యా. ఉన్నన్నాళ్లు గట్టిగా పోట్లాడేంత ఊపిరి ఉండాలని దీవించు.

నీ చెల్లెలు,
విమల