నాలుగో దశలో నన్నూ చేర్చండి

మందు పరీక్షల డాక్టరుగారికి,

నాకు డెబ్బై ఆరేళ్లు. ఇంట్లో నేనొక్కదాన్నే. కింది వాటా దర్జీ చేత ఇది రాయిస్తున్నాను.

కీళ్ల మందు మూడో దశ ముగిసిందని నర్సమ్మ చేత ఫోన్లు మాన్పించారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చారట. నాకు ఉత్తిదే వచ్చినట్టుంది, నొప్పి అలాగే ఉంది. దానికి నేను తగువుకు రాను. కానీ వారం వారం "పెద్దమ్మా, నిద్ర పట్టిందా? కళ్లు తిరిగాయా?" అని అడిగే మనిషిని ఆపడమేమిటి? నన్ను అడిగేది ఆవిడొక్కతే.

మందు అంగళ్లలోకి వచ్చాక కూడా, వాడేవాళ్లను కనిపెట్టి చూసే నాలుగో దశ ఉందని ఆవిడే చెప్పింది. అందులో నన్ను చేర్చండి.

"అప్పుడు అసలు మందే మింగాలి పెద్దమ్మా" అంటున్నాడు దర్జీ. "మింగుతాను, నువ్వు రాయి" అన్నాను.

ఇది నా వేలిముద్ర.

మొదటి సాక్షి దర్జీ. రెండో సాక్షికి మనిషి దొరకలేదు. నర్సమ్మను పంపండి, వచ్చి సంతకం పెడుతుంది.