మరియమ్మగారి సైకిలు

పుత్తూరు, 1948
ఆదివారం రాత్రి

ఈరోజు చూసింది రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను పోగుచేసిన పాత సైకిళ్లన్నిటిలోకీ మరియమ్మగారిదే పాతది. ఆడవాళ్లు తొక్కే రకం. మంత్రసానిగా ఆమె దాని మీదే పల్లెలన్నీ తిరిగేవారు. తుప్పు గీకించి, చక్రాలూ సీటూ మార్పించి, నల్లరంగు వేయించాను. నిన్న మద్రాసు నుంచి కొనడానికి వచ్చినాయన మాత్రం పెదవి విరిచాడు.

"సగం కొత్తదే కదప్పా. ఇంక ఇది అసలుది ఎట్లవుతుంది?"

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే సాయంత్రం మరియమ్మగారినే పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి. చేతికర్ర గోడకు ఆనించి, హ్యాండిలు పట్టుకున్నారు.

"ఇది మీదేనా అమ్మా?" అన్నాను.

ఆమె కుచ్చిళ్లు ఎగదోపి, నేను వద్దనేలోపే ఎక్కేశారు. మొదట చక్రం తడబడింది. అంతలో ఆమె నడుం నిటారైంది. వీధి చివరిదాకా వెళ్లి, గంట కొట్టుకుంటూ తిరిగొచ్చారు. అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"నేనే ఎన్నో తూర్లు చక్రాలు మార్పించినా నాయనా," అన్నారు ఆమె రొప్పుతూ దిగి. "నా పండ్లు సూడు, కట్టుడు పండ్లే. అంతమాత్రాన నేను మరియమ్మను కాకపోతినా?"

సైకిలు తీసుకుపొమ్మంటే నవ్వి, కర్ర పట్టుకుని నడిచే వెళ్లారు.

మద్రాసాయన రేపు మళ్లీ వస్తానన్నాడు. ఇది అసలుదేనని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. అమ్ముతానని చెప్పడానికే నోరు వస్తుందో, రాదో...